ఏడో లాకు పెట్టె: వ్యాఖ్యల గడి

రోజు 1
స్థితి: ముద్ర సరి. తడి లేదు. నుదుటి అంకె 41.
వ్యాఖ్య: ఉదయం పదిన్నర పడవలో పోలీసులు మా పరీక్షాశాలకు తెచ్చి నాకు అప్పగించారు. వస్తువు నంబరు 318. కాలవ మీది ఏడో లాకులో నీటి తలుపును నడిపే పెట్టె. కొబ్బరికాయల బుట్టంత ఉంది. మూత మధ్య నుదుటిలాంటి చోట ఒక అంకె వెలుగుతోంది. మూత చుట్టూ లక్క అద్దిన కాగితం పట్టీ, దాని మీద పెట్టెను చేసిన కంపెనీ ముద్ర.

ప్రతి వస్తువుకూ ఒక పుస్తకం ఉండాలని, అందులో రోజూ రెండు గడులు నింపాలని నియమం. స్థితి గడిలో కంటికి కనిపించింది రాయాలి, వ్యాఖ్యల గడిలో జరిగింది రాయాలి. ఈ వ్యాఖ్యల గడి ఎవరూ చదవరు. ఊరికే అనడం లేదు. నాలుగేళ్ళ కిందట వస్తువు 206 పుస్తకంలో పులిహోరకు పోపు ఎలా వేయాలో పన్నెండు పంక్తులు రాశాను. అప్పటి అధికారి కింద ‘పరిశీలించాను’ అని సంతకం పెట్టారు. అప్పటినుంచి నాకు నోటితో అనలేనివి ఇక్కడ రాసుకునే అలవాటు వచ్చింది. ఎవరినీ గట్టిగా ఒక్క మాట అనే స్వభావం కాదు నాది. రాతకు గొంతు ఉండదు కదా.

జరిగింది ఇది. నిన్న మధ్యాహ్నం సముద్రం మంచి పోటు మీద ఉండగా ఏడో లాకు తలుపు ఉన్నట్టుండి తెరుచుకుంది. లోపల పడవ ఉంది. పడవ నడిపే గణపతిరావు, కింది మెరక మీది ఊరి బడికి వెళ్తున్న పంతులమ్మ సుగుణకుమారి, ఇద్దరూ ఆ నీటి తాకిడికి మునిగిపోయారు. లాకు కాపలా చూసే లస్కరు నూకరాజు చేతి చక్రం తిప్పి తలుపు తెరిచాడని కంపెనీ చెప్పింది. అరచేతులు చర్మం ఊడి ఉన్నాయి కనుక తిప్పింది అతనేనని పోలీసులు చెప్పారు. తలుపు దానంతటదే తెరుచుకుందనీ, తాను పరుగెత్తి వెళ్ళి మూసే వైపు పదకొండు తిప్పులు తిప్పాననీ, పన్నెండోది తిప్పేలోపు అయిపోయిందనీ నూకరాజు చెప్పాడు. అది మాత్రం ఎవరూ రాసుకోలేదు. నాకు పెట్టె తెచ్చిన కానిస్టేబులు చెప్పాడు.

ఏ ఆజ్ఞ ఎప్పుడు వచ్చింది, చక్రం ఎటు తిరిగింది, అన్నీ ఈ పెట్టెలో ఉంటాయి. చూస్తే అయిపోతుంది.

రోజు 3
స్థితి: ముద్ర సరి. నుదుటి అంకె 39.
వ్యాఖ్య: చూస్తే అయిపోతుందని రాశాను. నా అమాయకత్వానికి నాకే నవ్వొచ్చింది.

పరీక్షాధికారి విఠల్ గారు ఈ రోజు పెట్టెను బల్ల మీద పెట్టించి, చుట్టూ రెండుసార్లు తిరిగి, చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఆయన గది గోడకు ఆరు పట్టాలు వేలాడుతున్నాయి. ఒకటి సముద్రం అవతలి దేశంలోది.

“తెరవకూడదండి తాయారు గారు” అన్నారు. “అంతరంగ చట్టం.”

ఆ చట్టం ప్రకారం యంత్రం లోపల ఉన్నది కంపెనీ మనసులోని మాట. అడగకుండా చూస్తే దొంగతనం. మనిషి ఇంట్లో వెతకడానికి వారెంటు చాలు. పెట్టెలో వెతకడానికి మాత్రం పెట్టెను చేసినవాడి అనుమతి కావాలి. చేసినవాడి మీదే అనుమానం ఉంటే కూడా వాడి అనుమతే కావాలి. ఇంత పకడ్బందీగా కాపాడే చట్టం ఆడపిల్లలకూ, ముసలివాళ్ళకూ ఒక్కటైనా ఉందేమోనని వెతికాను. ఉంటే రాద్దామని.

నుదుటి అంకె గురించి కూడా అప్పుడే తెలిసింది. పెట్టెకు లాకు గట్టు మీద తన ఇనుప స్తంభం నుంచి తప్ప ఇంకెక్కడా కరెంటు ఎక్కదట. అలిగిన పెళ్ళికొడుకులాగా. స్తంభం నుంచి విడిపోయాక నలభై ఒక్క రోజులు లోపలి బ్యాటరీ మీద బతుకుతుంది. అంకె సున్నాకు వచ్చిన రోజున లోపల ఉన్నదంతా తుడిచేసుకుని పడుకుంటుంది. ఎవరైనా మూత తీసినా తుడిచేసుకుంటుంది.

“మరి స్తంభం దగ్గరికి తీసుకెళ్ళి ఆనిద్దామా?” అన్నాను.

“స్తంభానికి ఆనిస్తే అది కంపెనీతో మాట్లాడుతుంది. కంపెనీ అక్కడినుంచే తుడిచేయొచ్చు. ఆనించకపోతే అదే తుడిచేసుకుంటుంది.”

“ఎంత బుద్ధిమంతురాలు” అన్నాను. ఆయన అవునన్నట్టు తల ఊపారు.

అనుమతికి అర్జీ పంపారు.

రోజు 8
స్థితి: ముద్ర సరి. పెట్టె అడుగున ఉప్పు పేరుకుంటే పొడిగుడ్డతో తుడిచాను. నుదుటి అంకె 34.
వ్యాఖ్య: కంపెనీ జవాబు వచ్చింది. చాలా మర్యాదగా ఉంది. అర్జీలో పెట్టె గుర్తింపు సంఖ్య రాయలేదు కనుక పరిశీలించలేమన్నారు. ఆ సంఖ్య ఎక్కడ ఉంటుందో కింద చిన్న అక్షరాల్లో ఉంది. మూత లోపలి వైపున.

విఠల్ గారు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివారు. తర్వాత దానికి ఒక ఫైలు తెరిచారు. పెట్టె తప్ప అన్నీ తెరవగలరు ఆయన.

నూకరాజు భార్య అచ్చియ్యమ్మ రోజూ పది గంటల పడవకు వచ్చి మా అరుగు మీద కూర్చుంటోంది. జైలుకు క్యారియర్ ఇచ్చి ఇటు వస్తుంది. లోపలికి రానివ్వరు. పెట్టెను కిటికీలోంచి చూస్తుంది.

“అంకె ఎంతుంది అక్కా?”

“ముప్పై నాలుగు.”

“నిన్న ముప్పై అయిదన్నావు.”

“రోజుకొకటి తగ్గుతుంది తల్లీ.”

“ఆయ్. మాకు మాత్రం రోజుకొకటి పెరుగుతున్నాయండి. వాయిదాలు.”

రోజు 9
స్థితి: ముద్ర సరి. నుదుటి అంకె 33.
వ్యాఖ్య: పెట్టెకు సంబంధం లేని సంగతి, అయినా రాస్తాను. మా వంటింట్లో నీళ్ళు ఊరుతున్నాయని అదే కంపెనీ చేసిన పొయ్యిని మొన్న వరండాలోకి మార్చాను. ఇక వెలగదు. “స్థలం మారింది. కంపెనీకి తెలియజేయండి” అని ఆడగొంతుతో చెబుతోంది. తెలియజేశాను. మనిషిని పంపుతారట, నెలలో. మూడు ఇటుకలు పెట్టి వండుకుంటున్నాను. పొయ్యి పక్కనే కూర్చుని అన్నం ఉడికేదాకా అదే మాట చెప్పింది.

నిన్న సాయంత్రం రేవు దగ్గర ఖాదర్ వలీ కొట్టుకు వెళ్ళాను. పడవ ఇంజన్లు, చెవి మిషన్లు బాగుచేస్తాడు. అరవై దాటాయి. ఎంత చిన్న స్క్రూనైనా చూపు అవసరం లేకుండా వేళ్ళతో పట్టుకుంటాడు.

“ముద్ర ఉంది కదమ్మా” అన్నాడు పొయ్యి సంగతి వినగానే. “ముద్ర ఉన్నదాని మీద చెయ్యి వేస్తే రెండేళ్ళు లోపలేస్తారు. నా కోడలు మంచిదే గాని, జైలుకి రెండేళ్ళు కూడు మోసేంత మంచిది కాదు.”

“మరి ఇవన్నీ?” అన్నాను. కొట్టు నిండా విప్పిన పెట్టెలే.

గోడకున్న మేకు చూపించాడు. దానికి గుచ్చిన పచ్చ చీటీలు. “ఇవి కంపెనీ వదిలేసినవి. ఇది మాది కాదు అని వాళ్ళే రాసిస్తే తుక్కు. తుక్కుకి చట్టం లేదమ్మా. తుక్కుకి నువ్వు దండం పెట్టుకో, దాన్ని దంచుకో, ఎవడూ అడగడు.”

“లోపల ఏముంటుంది వలీ?”

“మొదట్లో ఏమీ ఉండేది కాదు, అంతా తుడిచిపెట్టేసేవి. మూడు పెట్టెలు పాడుచేశాక తెలిసింది. వాటికి లోపల రెండు చిన్న కళ్ళుంటాయి. వెలుతురు పడిందా, మూత తీశారని తెలుసుకుంటాయి. అంతే. చీకట్లో తీస్తే పాపం వాటికి తెలీదు.”

దీని మీద కంపెనీ ఎన్ని గ్రంథాలు రాసి ఉంటుందో. విఠల్ గారికి ఈ సంగతి తెలుసా అని ఈ ఉదయం మెల్లగా అడిగాను. “తెలుసుకోవడం కూడా నేరమేనండి” అన్నారు. నిజంగానే అన్నారు. అందులో ఎగతాళి లేదు.

రోజు 14
స్థితి: ముద్ర సరి. నుదుటి అంకె 28.
వ్యాఖ్య: రెండో జవాబు. గుర్తింపు సంఖ్య లేకపోయినా దయతలచి ఒప్పుకున్నారు. పెట్టెను వాళ్ళకే పంపితే వాళ్ళ శాలలో వాళ్ళ మనుషులే చూసి ఏముందో మనకు చెబుతారట. అరవై రోజులు పడుతుందట.

ఇరవై ఎనిమిది రోజులు బతికేదాన్ని అరవై రోజుల వైద్యానికి రమ్మన్నారు.

రోజు 19
స్థితి: ముద్ర సరి. నుదుటి అంకె 23.
వ్యాఖ్య: కోర్టు వాయిదాకు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. నాలుగు మెరకలు దాటాలి. పడవలో ఒకామె “టీవీయా?” అని అడిగింది.

జడ్జిగారు మాట తక్కువ మనిషి. ఆమె విఠల్ గారినే తెరవమన్నారు. వెంటనే కంపెనీ వకీలు చక్రపాణి గారు లేచారు. తెల్లటి మనిషి, తెల్లటి చొక్కా, గొంతు పాయసంలా ఉంటుంది. నిపుణుడు తప్ప తెరవరాదన్నారు. నిపుణుడంటే ఎవరని జడ్జిగారు అడిగారు. కంపెనీ శిక్షణ ఇచ్చినవాడే నిపుణుడని చట్టంలో ఉందన్నారు. కంపెనీ ఎవరికి శిక్షణ ఇస్తుందని అడిగారు.

“మా ఉద్యోగులకండి.”

విఠల్ గారి ఆరు పట్టాలూ ఆ క్షణాన గోడ మీద ఏమనుకున్నాయో.

నూకరాజుకు సర్కారు ఇచ్చిన వకీలు ఒకాయన ఉన్నారు. రెండుసార్లు ఆవులించారు. అది రికార్డులోకి ఎక్కలేదు. నూకరాజు బోనులో నిలబడి అరచేతులు చూపించాడు. “మూసే వైపు తిప్పానండి. పదకొండు తిప్పులు. లెక్కెట్టుకుంటూ తిప్పానండి. మా తాత నేర్పాడు, చక్రం తిప్పేటప్పుడు లెక్కెట్టాలని” అన్నాడు.

చక్రపాణి గారు చిరునవ్వు నవ్వారు. “పెట్టెలో అలాంటిదేమీ నమోదు కాలేదండి.”

“మీరు చూశారా?” అన్నారు జడ్జిగారు.

“చూడకుండానే చెప్పగలం. మా యంత్రం మాకు తెలుసు.”

తిరుగు పడవలో అచ్చియ్యమ్మ నా పక్కన కూర్చుంది. పెట్టె నా ఒళ్ళో ఉంది. ఆమె దాని మీద చెయ్యి వేయబోయి, భయపడి తీసేసింది. “నోరున్నోణ్ణి అడగరు. నోరులేందాన్ని మాట్టాడనివ్వరు” అంది.

రోజు 23
స్థితి: ముద్ర సరి. పసుపు రాశాను, కుంకుమ బొట్టు పెట్టాను. నుదుటి అంకె 19.
వ్యాఖ్య: ఆయుధ పూజ. పదకొండేళ్ళుగా ఈ గదిలో ప్రతి దసరాకూ చేస్తున్నదే. కత్తులు, కొడవళ్ళు, పడవ ఇంజన్లు, ఎవరినో పొడిచిన గునపం, అన్నిటికీ తలా ఒక బొట్టు. పాపం చేసింది మనిషిగాని ఇనుము కాదు. కడిగి బొట్టు పెడితే దాని మైల పోతుంది.

విఠల్ గారు స్వయంగా గుమ్మడికాయ కొట్టారు. పసుపు నీళ్ళల్లో కలిపి, నామం చెప్పుకుంటూ ఒక్కొక్కదానికి రాసుకుంటూ వచ్చాను. ఈ పెట్టె దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడ్డాను. నువ్వు చూసినది చూసినట్టు చెప్పే రోజు రావాలమ్మా అనుకుని, మూత మధ్యన నుదుటి మీద బొట్టు పెట్టాను.

రోజు 27
స్థితి: ముద్ర, కింద చూడుడు. నుదుటి అంకె 15.
వ్యాఖ్య: పదకొండేళ్ళకు ఈ వ్యాఖ్యల గడి చదివేవారు దొరికారు.

చక్రపాణి గారు పెట్టెను తనిఖీ చేసే హక్కు ఉందని వచ్చారు. పెట్టెను చూడనే లేదు. కుర్చీ వేయించుకుని పుస్తకం మొదటి పేజీ నుంచి చదివారు. పులిహోర సంగతి దగ్గర నవ్వారు. తన గొంతు పాయసంలా ఉందన్నచోట ఒక్క క్షణం ఆగారు. రోజు 23 దగ్గర కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

“ముద్ర మీద కూడా రాశారామ్మా?”

“మూత మీద రాశానండి. కొంచెం పట్టీ మీదకూ జారింది.”

“తడి పసుపు?”

“పొడి పసుపు ఎవరు రాస్తారండి?”

లేచి పెట్టె దగ్గరకు వెళ్ళి చూశారు. లక్క కాగితం పట్టీ పచ్చగా ఉబ్బి, ఒక మూల లేచి ఉంది. మూత కదలలేదు. కానీ లేచిన మూల లేచినట్టే ఉంది. నేను రోజూ ఉప్పు తుడుస్తున్నాను, బొట్టు చెదరకుండా జాగ్రత్తపడ్డాను, ఆ మూల మాత్రం చూడలేదు.

“మీరు చాలా నిజాయితీపరులమ్మా” అన్నారు ఆయన. ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ అంత తీయగా తిట్టలేదు.

రోజు 29
స్థితి: ముద్ర లేచింది. నుదుటి అంకె 13.
వ్యాఖ్య: ముద్ర మీద పరాయి పదార్థం పడితే ఆ వస్తువు సాక్ష్యంగా చెల్లదని చట్టంలో ఉందట. నెయ్యి, నూనె, నెత్తురు, రంగు, ఇతరములు. పసుపు ఇతరముల్లో వస్తుంది. కంపెనీ అర్జీ వేసింది.

విఠల్ గారు గదిలోకి పిలిచారు. గుమ్మడికాయ మరక ఆయన గుమ్మం మీద ఇంకా ఉంది.

“ఇది శాస్త్రీయ పరీక్షాశాలండి తాయారు గారు. మీ భక్తి ఇంటి దగ్గర పెట్టుకోవాలి” అన్నారు.

“గుమ్మడికాయ బాగా పగిలిందండి” అన్నాను.

ఆయన కాగితం ఇచ్చారు. వచ్చే నెల ఒకటి నుంచి నన్ను విధుల నుంచి తప్పించారు. అంతవరకూ చేతిలో ఉన్న వస్తువులన్నీ ఒక గతికి చేర్చి పుస్తకాలు ముగించాలి.

అది బాధ కాదు. అరుగు మీద అచ్చియ్యమ్మకు చెప్పడం బాధ. చెప్పాను. క్యారియర్ మూత పెట్టి తీసింది, పెట్టి తీసింది.

“పోటు ముంచలేదు. కంపెనీ ముంచలేదు. నీ బొట్టు ముంచింది అక్కా మా ఆయన్ని.”

ఆమె వెళ్ళిపోయాక పెట్టె ముందు కూర్చున్నాను. పూజలో పొరపాటు చేస్తే స్వామి క్షమిస్తాడని చిన్నప్పటి నుంచి నేర్పారు. చట్టం క్షమిస్తుందని ఎవరూ నేర్పలేదు. స్వామితోనూ మొదటిసారి కొంచెం కటువుగా మాట్లాడాను. ఇంతమంది ఇన్ని కాగితాలతో చేయలేకపోయిన పని నా చేత చిటికెడు పసుపుతో చేయించావా అన్నాను.

మర్నాడు ఇదే గడిలో చేరుస్తున్నాను. అచ్చియ్యమ్మ ఈ రోజు రాలేదు. అంకె అడిగేవాళ్ళు లేరు.

రోజు 33
స్థితి: సాక్ష్యం కాదు. నుదుటి అంకె 9.
వ్యాఖ్య: కోర్టు ఉత్తర్వు వచ్చింది. పెట్టెను సాక్ష్యాల జాబితా నుంచి తీసేశారు. పెట్టెను తిరిగి తీసుకుంటారా అని కోర్టు కంపెనీని అడిగింది. కంపెనీ జవాబు ఉత్తర్వుకు జతచేసి ఉంది. మొత్తం ఇక్కడ ఎత్తిరాస్తున్నాను, చేతికి తృప్తిగా ఉంటుందని.

‘ముద్ర చెడిన సదరు పెట్టె ఇకపై మా ఉత్పత్తిగా పరిగణించబడదు. దాని మీద గాని, దానిలో ఉన్న దేనిమీద గాని మాకు ఏ హక్కూ, ఏ బాధ్యతా లేవు. దానిలో ఏమి ఉన్నా అది మా మాట కాదు. తుక్కుగా పారవేయగలరు.’

మొదటిసారి చదివినప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండోసారి చదివినప్పుడు ఆగిపోయాయి. మూడోసారి చదివి, లేచి, చేతులు కడుక్కుని, స్వామి పటానికి దండం పెట్టుకున్నాను. మొన్న అన్న మాటలకు క్షమించమన్నాను.

ఇద్దరు చచ్చిపోయిన కేసులో తమ మీద మచ్చ పడకూడదని ఎంత తొందరపడ్డారంటే, ఆ పెట్టెను అనాథను చేసి వదిలేశారు. పట్టుకుని ఉంటే అంతరంగ చట్టం వాళ్ళ వెనకే ఉండేది. ఇంకో తొమ్మిది రోజులు ఓపిక పడితే అదే తుడిచేసుకునేది. ఎంత చదువు చదివినా, తుక్కు అన్నది ఎవరికి చెందుతుందో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. వాళ్ళ ఇళ్ళల్లో తుక్కు బయట పారేసేది వేరేవాళ్ళు కదా.

వస్తువుల గతి చూడటం ఈ నెలాఖరు దాకా నా పని. పచ్చ చీటీ రాశాను. వస్తువు 318, తుక్కు, కంపెనీ లేఖ జత. విఠల్ గారి ముందు పెట్టాను. ఆయన చీటీ చదివారు. కింద ఎక్కడికి పంపుతున్నది అనే చోట నేను ‘ఖాదర్ వలీ, తుక్కు కొట్టు, రేవు’ అని రాశాను. అది కూడా చదివారు. కలం చేతిలో పట్టుకుని గోడ మీది పట్టాల వైపు చూస్తూ కొంతసేపు ఉన్నారు.

“తుక్కును ఎవరికిచ్చినా నియమానికి విరుద్ధం కాదు కదండీ” అన్నాను.

“కాదు” అన్నారు. సంతకం పెట్టారు. ‘పరిశీలించాను’ అని రాయబోయి, కొట్టేసి, ‘చదివాను’ అని రాశారు.

రోజు 34
స్థితి: తుక్కు. బయలుదేరేటప్పుడు నుదుటి అంకె 8.
వ్యాఖ్య: వస్తువు సాక్ష్యం కానప్పుడు దాని పుస్తకం దస్త్రం కాదు. అందుకని పుస్తకం కూడా సంచిలో వేసుకున్నాను.

ఖాదర్ వలీ చీటీ, లేఖ రెండుసార్లు చదివించుకున్నాడు. ‘దానిలో ఏమి ఉన్నా’ అన్నచోట మళ్ళీ చదవమన్నాడు. తర్వాత చీటీని మేకుకు గుచ్చాడు. లేఖను మడిచి టోపీలో పెట్టుకున్నాడు.

చీకటి కావాలి. మిట్టమధ్యాహ్నం. కొట్టు వెనక పాత ధాన్యం గాదె ఉంది, వెదురుతో అల్లి మట్టి మెత్తినది. ఇప్పుడు అందులో ధాన్యం లేదు, పడవ తెరచాపలు ఉన్నాయి. పెట్టెతో లోపల దూరాడు. నేను పైన మూత వేసి, మూత మీద గోనెలు, గోనెల మీద ఒక తెరచాప కూడా కప్పాను. ఎక్కడైనా వెలుతురు దూరుతుందేమోనని గాదె చుట్టూ తిరిగి, పగుళ్ళల్లో తడిమన్ను కూరాను.

లోపలినుంచి మాట వినిపించింది. “ఉక్కపోస్తాంది తాయారమ్మా.”

“మాట్లాడకు, పని చూడు.”

“చేతులకి నోటితో పనిలేదమ్మా. పట్టీ దానంతటదే వచ్చేసింది. నీ పసుపు లక్కని నమిలేసింది.”

చాలాసేపు శబ్దం లేదు. నేను నామం చెప్పుకుంటూ ఉన్నాను. తర్వాత చిన్నగా దగ్గాడు. “ఒక కన్ను దొరికింది. లక్క అద్దేశా.” మళ్ళీ నిశ్శబ్దం. “రెండోది ఎక్కడ దాక్కుందో గాని…” మళ్ళీ. నా చెమట గోనె మీద పడుతోంది. “దొరికిందమ్మా. మూత తియ్యి. ఇక దీనికి పగలైనా రాత్రే.”

పెట్టె నుదుటి మీద 8 అలాగే వెలుగుతోంది. పైన నా బొట్టు సగం చెరిగి ఉంది.

గోరంత బిళ్ళను పెట్టెలోంచి తీసి చెవి మిషన్లను పరీక్షించే పాత పరికరానికి తగిలించి, తెర మీద అక్షరాలు వచ్చేలా చేశాడు. బిళ్ళ బయటికి రాగానే నుదుటి అంకె ఆరిపోయింది. అతనికి చదవడం తక్కువ. నేను చదివాను, అతను విన్నాడు. ఏడో లాకు, ఆ రోజు.

‘12:17 ప్రధాన కేంద్రం నుంచి: తలుపు పరీక్ష. తెరువు.
12:17 లాకు: లోపల పడవ ఉంది. తెరవనా?
12:17 ప్రధాన కేంద్రం: తెరువు.
12:18 లాకు: లోపల పడవ ఉంది. మనుషులు ఇద్దరు. తెరవనా?
12:18 ప్రధాన కేంద్రం: పరీక్ష గడువు నేటితో ముగుస్తుంది. తెరువు.
12:18 తలుపు తెరుచుకుంది.
12:19 చేతి చక్రం: మూసే వైపు. 1. 2. 3.’

అక్కడ ఆగాను. ఖాదర్ వలీ “చదవమ్మా” అన్నాడు. నాలుగు నుంచి చదివాను. పదకొండు దాకా ఉంది. పన్నెండు లేదు.

పెట్టె రెండుసార్లు అడిగింది. ఇనుపముక్క అడిగింది. అవతల ఉన్నది మనిషో, ఇంకో యంత్రమో నాకు తెలియదు, రెండుసార్లూ దానికి గడువే కనిపించింది. లోపల ఇంత బుద్ధి ఉన్నదాన్ని పట్టుకుని, దాని మాట ఎవరూ వినకూడదని ఒక చట్టం రాసుకున్నారు.

ఖాదర్ వలీ తెర వైపు చూస్తూ అన్నాడు, “వాడు లెక్క సరిగ్గా చెప్పాడమ్మా.”

రోజు 36
స్థితి: నుదుటి అంకె లేదు.
వ్యాఖ్య: కోర్టు. ఆవులించే వకీలు గారికి తెర మీది మాటలు ఎత్తిరాసిన కాగితం నిన్ననే ఇచ్చాను. ఈ రోజు ఆవులించలేదు.

ఆయన చదివారు. చక్రపాణి గారు సగంలో లేచారు. సాక్ష్యంగా చెల్లదన్నారు.

“సాక్ష్యంగా పెట్టలేదు కదండీ” అన్నారు జడ్జిగారు. “తుక్కులో దొరికిన కాగితం. ముద్దాయి చెప్పుకునే మాటకు ఏ కాగితమైనా జతచేయొచ్చు. మందుల చీటీ కూడా.”

“ఇది కంపెనీ అంతరంగం, అమ్మగారూ. దీన్ని చూడటమే నేరం.”

“అయితే పెట్టె మీదేనంటారా?”

ఆయన నోరు తెరిచారు. జడ్జిగారు కంపెనీ రాసిన లేఖను పైకెత్తి మెల్లగా చదివారు. దానిలో ఏమి ఉన్నా అది మా మాట కాదు. “మీదంటే ఈ లేఖ అబద్ధం. మీది కాదంటే మీకు అభ్యంతరం చెప్పే హక్కు లేదు. ఏదో ఒకటి చెప్పండి, రాసుకుంటాను.”

చక్రపాణి గారు కూర్చున్నారు.

ఖాదర్ వలీని పిలిచారు. మీరు నిపుణులా అని అడిగారు.

“కాదండి. తుక్కు కొట్టు.”

“ఇది ఎలా తెరిచారు?”

“గాదెలో కూర్చుని అండి.”

విఠల్ గారు మూలన నిలబడి ఉన్నారు. జడ్జిగారు ఆయన్ని అడిగారు, ఇది నమ్మదగిందేనా అని. ఆయన నా వైపు చూడలేదు. “నేను పరీక్షించలేదండి” అన్నారు. కొంచెం ఆగి, “కానీ పదకొండు తిప్పులని ముద్దాయి పెట్టె తెరవకముందే చెప్పాడు” అన్నారు. ఆ ఒక్క వాక్యానికీ ఏ పట్టా అక్కరలేదు. అయినా చెప్పారు. అందుకు ఆయన్ని ఈ పుస్తకంలో అన్నవాటిలో సగం వెనక్కి తీసుకుంటున్నాను.

నూకరాజును వదిలేశారు. బోనులోంచి దిగి ఎటు వెళ్ళాలో తెలియక నిలబడ్డాడు. అచ్చియ్యమ్మ వెళ్ళి మోచేయి పట్టుకుని నడిపించింది. నా ముందు నుంచే వెళ్ళింది.

చివరి పేజీ
స్థితి: గడి ఖాళీ.
వ్యాఖ్య: నెల దాటింది. కంపెనీ మీద విచారణ అంటున్నారు. పెట్టె కంపెనీది కాదని తేలింది కనుక కంపెనీని ఎలా అడగాలో ఆలోచించడానికి సంఘం వేశారట. సంఘంలో నిపుణులే ఉంటారు.

ఈలోగా ఒక పని మాత్రం చురుగ్గా చేశారు. ప్రతి లాకు పెట్టె మీదా, ప్రతి పొయ్యి మీదా, కంపెనీ కరెంటు మంచాల మీదా కొత్త రేకు కొట్టారు. ‘పసుపు, కుంకుమ, గంధం, విభూతి పూయరాదు.’ ఇద్దరు పోయినప్పుడు ఒక్క రేకూ కొట్టలేదు.

నిన్న ఏడో లాకు మీదుగా వెళ్ళాను. నూకరాజు మళ్ళీ గట్టు మీద ఉన్నాడు, అరచేతులకు కొత్త చర్మం వచ్చింది. పడవ లోపల ఆగింది. నీళ్ళు సమంగా అయ్యేదాకా పావుగంట పడుతుంది. అచ్చియ్యమ్మ గట్టు దిగి వచ్చి, కుంకుమ భరిణె నా చేతిలో పెట్టింది.

పెట్టె మీద రేకు ఉంది కదా అని నేను వెనకాడాను.

“దానికి కాదులే అక్కా” అంది.

చేతి చక్రం దగ్గరకు తీసుకెళ్ళింది. నల్లటి ఇనుము, పిడి మీద మాత్రం తళతళ. దానికి ముద్ర లేదు, మూత లేదు, అంతరంగం లేదు. తిప్పితే తిరుగుతుంది. బొట్టు పెట్టాను. నూకరాజు తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఈ ఉదయం ఖాదర్ వలీ కొట్టు ముందు వరుస ఉంది. రేవు దాకా. చంకల్లో పొయ్యిలు, చెవి మిషన్లు, ఒకాయనైతే మంచం మోసుకొచ్చాడు. అన్నిటి మీదా పచ్చగా పసుపు. కంపెనీ రోజుకు వందల చీటీలు రాస్తోందట, మా ఉత్పత్తి కాదు, మా ఉత్పత్తి కాదు అని.

మా పొయ్యి ఇంకా వరండాలోనే ఉంది. స్థలం మారిందని చెబుతూనే ఉంది. కంపెనీ మనిషి ఇంకా రాలేదు. రేపు శుక్రవారం. తలస్నానం చేసి, దాన్ని కడిగి, నిండుగా పసుపు రాసి బొట్టు పెడతాను. భక్తితోనే.